పెట్టెకు తెలియని చేతులు

బండి పోయిన రోజున ఇంట్లో అందరూ ఉన్నారు. శేషగిరికి మింగుడుపడనిది అదే. పట్టపగలు నలుగురూ వంటింట్లో కూర్చుని అన్నం తింటున్నారు. వీధి అరుగు పక్కన తాళం వేసి నిలబెట్టిన మోటారు సైకిలు, వాళ్ళు మజ్జిగలోకి వచ్చేసరికి లేదు. ఎవడో గుమ్మం దాకా వచ్చాడు. లోపలి మాటలు విన్నాడు. తాళం విరగ్గొట్టి తీరిగ్గా తోసుకుపోయాడు.

"పప్పులో ఉప్పు తగ్గిందని నేనన్నది కూడా వినే ఉంటాడు వెధవ," అన్నాడు శేషగిరి, చెయ్యి కడుక్కోకుండానే అరుగు మీద నిలబడి.

నరసాపురంలో బళ్ళు పోవడం వింతేమీ కాదు. ఎదురింటి టైలరు గనిరాజు అప్పుడే ఉపాయం చెప్పాడు. "కొత్తది కొన్నాక గొలుసేసి కిటికీ ఊచకి కట్టేయండి మేష్టారూ. పొద్దుగూకగానే గుమ్మానికి చెక్కేసి ముందుగదిలోకి ఎక్కించేయండి. మేవందరం చేసేది అదే, ఆయ్."

"గొలుసు తెగుతుంది గనిరాజూ. తెగనిది భయం ఒక్కటే."

గుమ్మంలో నిలబడి ఉన్న శేషగిరి భార్య హైమావతికి ఆ మాట నచ్చింది. సినిమా మాటలా ఉందని నవ్వింది కూడా.

శేషగిరి ఊళ్ళో పాలిటెక్నిక్ కాలేజీ లాబులో పనిముట్లు చూసుకునే ఉద్యోగి. చచ్చిన మీటర్లకు ప్రాణం పోస్తాడని పేరు. నాలుగు నెలలపాటు సాయంత్రాలన్నీ లాబులోనే గడిపి ఒక పెట్టె తయారుచేశాడు. సబ్బుపెట్టెంత ఉంటుంది. మూతికి జల్లెడలాంటి రేకు. దాన్ని కొత్త బండి సీటు కింద బిగించి ఇంట్లోవాళ్ళను పిలిచాడు.

"ఇది కుక్కలాంటిది. ఒంటి వాసన పసిగడుతుంది. మనవాళ్ళయితే ఊరుకుంటుంది. కొత్త మనిషి రెండు బారల లోపలికొస్తే మొదలెడుతుంది."

"మొరుగుతుందా నాన్నా?" అంది ఆరేళ్ళ జాను.

"మొరగదమ్మా. చెవికి వినపడని చప్పుడు చేస్తుంది. చెవికి వినపడదు గానీ గుండెకి వినపడుద్ది. ఎంతసేపు నిలబడితే అంత పెంచుతుంది."

"మరి చుట్టాలొస్తేనో?" అంది అతని తల్లి వెంకాయమ్మ. "మా అక్క గుండె అసలే అంతంతమాత్రం."

"మనలో ఒక్కరు దగ్గరున్నా అది నోరెత్తదమ్మా. ఎవరూ లేనప్పుడు వచ్చేవాడేగా దొంగ!"

ఆ రోజు అట్లతద్ది. మంచిరోజు, మొదలుపెట్టెయ్యమని వెంకాయమ్మే అంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బండికి పసుపూ కుంకుమా పెట్టారు. తరవాత ఒక్కొక్కరు వచ్చి పెట్టె మూతి దగ్గర అయిదేసి నిమిషాలు అరచేతులు పెట్టారు. పెట్టె వాళ్ళ వాసనలు నేర్చుకుంది. హైమ చేతులూ, జాను చేతులూ ముందురోజు పెట్టుకున్న గోరింటాకుతో కుంకుమలా పండి ఉన్నాయి. గది నిండా ఆ ఆకు వాసనే.

"చూశావా, ఎంత ఎర్రగా పండిందో! మొగుడు మంచోడన్నమాట," అని శేషగిరి ఆమె చెవిలో అన్నాడు.

సాయంత్రం గనిరాజును పిలిచి పరీక్ష పెట్టారు. ఇంట్లోవాళ్ళందరూ వీధి దాటి అతని కొట్లో నిలబడ్డారు. మెడలో టేపు వేలాడుతుండగా గనిరాజు నవ్వుకుంటూ ముందుగదిలోకి వెళ్ళాడు. బండి మీద చెయ్యి వేయబోయాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దగ్గర తిరిగి, చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. తన కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏం లేదండీ," అన్నాడు. "మా నాన్న పోయిన రోజు గుర్తొచ్చింది. ఎందుకొచ్చిందో మరి."

అందరూ నవ్వారు. శేషగిరి లేచి అతని చెప్పులు తెచ్చి ఇచ్చాడు.

నలభై రోజుల పరీక్ష అనుకున్నాడు శేషగిరి. అన్నాళ్ళూ బండి ముందుగది దాటి కదలకూడదు. తను కాలేజీకి పాత సైకిలు మీద వెళ్ళేవాడు. పెట్టెకు బయట దీపం లేదు, గంట లేదు. అది ఎప్పుడు మోగిందో దొంగకే కాదు, ఇంట్లోవాళ్ళకూ తెలియదు. లోపలి చిన్న కార్డులో లెక్క పడుతుంది. పరీక్ష అయ్యాక దాన్ని లాబులో విప్పి చూడాలి.

హైమ లేసు అల్లుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది కాబట్టి ఆమె పీట ఎప్పుడూ అక్కడే. అట్లతద్ది వెళ్ళిన పది పన్నెండు రోజులకు, ఒక ఉదయం, పువ్వు రేకులు లెక్కపెట్టుకుంటూ లెక్క మరిచిపోయింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ మరిచిపోయింది. వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూసింది. బండి. దాని మీద ఎండ. ఇంకెవరూ లేరు.

దారపు ఉండ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాక మనసు కుదుటపడింది.

అప్పుడే కార్తీకం వచ్చింది. వెంకాయమ్మ పొద్దున్నే గోదావరి స్నానానికి వెళ్ళి, అక్కడినుంచి గుడికీ, పురాణానికీ వెళ్ళి మధ్యాహ్నానికి గానీ వచ్చేది కాదు. శేషగిరి తొమ్మిదింటికే వెళ్ళిపోయేవాడు. హైమకు ఒంటరితనం కొత్త కాదు. ఈ భయం కొత్త. మొదట్లో సన్నగా, అన్నం మాడుతున్న వాసనలా ఎక్కడినుంచో వచ్చేది. రోజురోజుకూ చిక్కబడింది. ముందుగదిలో కాలు పెడితే కడుపులో చల్లటి నీళ్ళు పోసినట్టుండేది. చీపురు పట్టుకుని సగం గది ఊడ్చి, మిగతా సగం వదిలేసి వచ్చేసేది. అలా వదిలేసిన దుమ్ము వెంకాయమ్మ కంట పడింది.

"ఏవే హైమా, ఈ గదికి రెండు ఇళ్ళపేర్లు ఉన్నాయా? సగం మనది, సగం పక్కింటోళ్ళదీనా?"

హైమ నవ్వేసింది. అత్తగారు గదిలో ఉంటే ఆ భయం ఉండదు. అందుకని మిగతా సగం అప్పుడు ఊడ్చింది.

ఆమెకు పెట్టె మీద అనుమానం రాకపోలేదు. ఒక సాయంత్రం భర్తను అడిగింది. "ఏవండీ, అది నన్ను మర్చిపోయిందేమో చూడండి."

"మర్చిపోవడానికి అది మనిషా? నీ చేత్తో నువ్వే నేర్పావుగా." ఆమె చెయ్యి పట్టుకుని బండి ముందుకు తీసుకువెళ్ళాడు. సీటు మీద కూర్చోబెట్టాడు. "ఇప్పుడు చెప్పు, భయమేస్తోందా?"

లేదు. ఏమీ లేదు. గుండె మామూలుగా కొట్టుకుంటోంది.

"చూశావా మరి!" అన్నాడతను.

అక్కడితో హైమకు అసలు భయం పట్టుకుంది. పెట్టె కాకపోతే మరేమిటి? ఆమె తల్లికి మనసు చెదిరిన జబ్బుండేది. గోడల్ని చూసి భయపడేది. చివరి తొమ్మిదేళ్ళు పెరటి కొట్టుగదిలో ఉంచారు. ఆ గదికి బయటే గడియ ఉండేది. హైమ చిన్నతనంలో పళ్ళెం లోపలికి తోసి, చెయ్యి వెనక్కి లాక్కుని గడియ వేసి వచ్చేది. పెళ్ళప్పుడు ఆ సంగతి మగపెళ్ళివారికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తెలిస్తే? జానును తన దగ్గర ఉండనిస్తారా?

అందుకని ఎవరికీ చెప్పలేదు. పెరటి గుమ్మంలోంచి రావడం పోవడం అలవాటు చేసుకుంది. నీళ్ళకైనా, కూరలకైనా, బడి నుంచి పిల్లను తేవడానికైనా సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళేది.

ఒకరోజు బడి నుంచి వస్తూ జాను అంది. "అమ్మా, నేను కూడా సందులోంచే వస్తానే."

"నువ్వెందుకే?"

"ముందుగది నన్ను చూస్తోంది."

హైమ నడిరోడ్డు మీద ఆగిపోయింది. కూతుర్ని దగ్గరకు లాక్కుంది. తన రక్తమే. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి పిల్లకు. "ఈ మాట నాన్నతో అనకు. నానమ్మతో అసలు అనకు," అంది. పిల్ల తల ఊపింది. ఆ వారంలోనే జాను మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టింది. హైమ తెల్లారకముందే దుప్పట్లు ఉతికి, ఎవరూ చూడకుండా ఆరేసేది.

కార్తీక పౌర్ణమి నాడు బడికి సెలవు. వెంకాయమ్మ దీపాలు వదలడానికి రేవుకు వెళ్ళింది. ఆ రోజే హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్ళు లాబుకు వస్తున్నారని, నలభై రోజులు నిండకపోయినా కార్డు తీసుకుని, బదులుగా ఖాళీది పెట్టి, శేషగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. హైమ పెరట్లో పప్పు కడుగుతోంది. జాను గనిరాజు కూతురితో ఎదురింట్లో ఆడుకుంటోంది.

ఆ పిల్లలిద్దరూ పందెం వేసుకున్నారని తరవాత తెలిసింది. ముందుగుమ్మంలోంచి వెళ్ళి బండి కిందపడ్డ బంతి తెస్తే, జాను భయపడలేదని ఒప్పుకుంటానంది ఆ పిల్ల.

హైమకు కేక వినిపించలేదు. కేక వినిపించినా బాగుండేది. కడిగిన పప్పు గిన్నె పట్టుకుని లోపలికి వచ్చేసరికి, ముందుగదిలోంచి చిన్న చప్పుడు, టక్ టక్ టక్ మని, ఆగకుండా. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

నడిమిగది గుమ్మం దగ్గరినుంచి చూసింది. జాను బండికీ గోడకూ మధ్య ముడుచుకుని ఉంది. పారిపోవడం చేతకాక అక్కడే ఇరుక్కుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ తల్లిని చూడడం లేదు.

హైమ గుమ్మం దాటింది. అంతే, గాలి గట్టిపడింది. చాలాసేపటి నుంచి పెరుగుతున్నది ఒక్కసారిగా మీద పడింది. గోడలు దగ్గరకు జరిగినట్టయింది. బయట గడియ పడ్డ చప్పుడు స్పష్టంగా విన్నది. పళ్ళెం తోసే చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి తనదే. వెళ్ళిపో, వెళ్ళిపో, ఇంకొక్క అడుగు వేస్తే చచ్చిపోతావు అని ఒళ్ళంతా అరుస్తోంది. నిలబడలేక నేల మీద పడి పాకింది. పదడుగుల గది. గిన్నెలోంచి ఒలికిన పప్పు మోచేతులకు గుచ్చుకుంటోంది. పిల్ల పాదం చేతికి దొరికింది. ఆ పాదం పట్టుకుని లాగింది. జాను తల్లిని గుర్తుపట్టలేదు, చేతిమీద కరిచింది. హైమ వదల్లేదు.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో వెంకాయమ్మ, తడిచీర కొంగు పిండుకుంటూ. "ఇదేంటే, బండి కింద ఆటలేంటి తల్లీకూతుళ్ళకి?"

అంటూ లోపలికి రెండడుగులు వేసింది. భయం ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు. జాను ఒక్కసారి ఏడుపు అందుకుంది.

హైమ నేల మీదే ఉండి అత్తగారి పాదాల వైపు చూసింది. ఎప్పుడూ లేని మాట నోటివెంట వచ్చింది. "అత్తయ్యగారూ, ఒక్కసారి బయటికెళ్ళండి. గనిరాజుగారి కొట్టు దాకా."

"నీకేమన్నా..."

"మీకు దణ్ణం పెడతాను. వెళ్ళండి."

పిల్లను వంటింట్లోకి పంపి, తను అక్కడే కూర్చుంది. వెంకాయమ్మ విస్తుపోతూనే వీధి దాటింది. కాసేపటికి చల్లటి నీళ్ళు మళ్ళీ కడుపులోకి దిగాయి. "రండి!" అని అరిచింది. వెంకాయమ్మ పరుగున వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళమంది. మళ్ళీ రమ్మంది. మూడోసారికి వెంకాయమ్మకు చెప్పనక్కరలేకపోయింది. కోడలి మొహంలో అది ఎక్కడమూ దిగడమూ ఆమె కళ్ళారా చూసింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

హైమ అంతా చెప్పింది. తల్లి సంగతి కూడా. చెప్పి, తీర్పు కోసం తల వంచుకుంది.

వెంకాయమ్మ తీర్పేమీ చెప్పలేదు. హైమ రెండు చేతులూ తీసుకుని తిరగేసి చూసింది. అరచేతులు వెలిసిపోయాయి. గోళ్ళ మీద మాత్రం ఎరుపు మిగిలింది. తరవాత తన చేతులు చూసుకుంది. భర్త పోయాక పదకొండేళ్ళుగా గోరింటాకు తగలని చేతులు.

"ఆ రోజు నీ చేతులు పండి ఉన్నాయి. జానువీ పండి ఉన్నాయి. నావి బోడివి. వాడివి మగాడి చేతులు. ఆ పెట్టె నేర్చుకున్నది నిన్ను కాదే. నిన్నూ ఆకునూ కలిపి నేర్చుకుంది. ఆకు పోయింది. నువ్వు దానికి ఎవరో."

మూడు గంటలకు శేషగిరి మిఠాయి పొట్లంతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఎన్నిసార్లనుకున్నావు? నూట నలభై మూడుసార్లు! నూట నలభై మూడుసార్లు ఎవడో ఈ గదిలోకి రాబోయాడు, రాలేక పోయాడు. కార్డులో లెక్కుంది. కంపెనీవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాయి."

ఎవరూ మిఠాయి అందుకోలేదు.

"అందులో ఎక్కువ పగటిపూటే కదూ?" అంది హైమ. "తొమ్మిది తరవాత. అత్తయ్యగారు వచ్చేలోపు."

"అవును. నీకెలా తెలుసు?"

ఆమె మోచేతులు చూపించింది. చేతిమీద కూతురి పళ్ళగాటు చూపించింది. "ఆ దొంగని నేనేనండీ. కొన్నిసార్లు జాను."

శేషగిరి వినలేదు. తప్పు తనదని ఒప్పుకోవడం కంటే భార్యకు ఒంట్లో బాగాలేదనుకోవడం అతనికి తేలికైంది. "గోరింటాకు వల్ల మనిషి వాసన మారదమ్మా. దాని కింద ఒంటి వాసన ఉండనే ఉంటుంది. హైమని రేపు డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు. డాక్టరన్న మాటకు హైమ అత్తగారి వైపు చూసింది.

"ఒరేయ్ శేషూ, పసుపూ సున్నమూ కలిపితే ఏమొస్తుందిరా?" అంది వెంకాయమ్మ.

"పారాణి. ఎరుపొస్తుంది."

"అందులో పసుపు ఏదో చూపించు."

అతను మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టాడు.

"చూపించలేవు. సరే, నా వాసన దానికి తెలుసుగా? రేపు చూద్దువుగాని."

ఆ సాయంత్రం వెంకాయమ్మ పెరట్లో గోరింట రెమ్మలు దూసి, రోట్లో వేసి రుబ్బింది. హైమ అడ్డం వచ్చింది. "మీరా అత్తయ్యగారూ? వీధిలో ఏమంటారు?"

"అంటే విందాం. ముద్ద పెట్టు. మధ్యలో చందమామ గుండ్రంగా రావాలి, నీ అల్లికలా వంకర పోకూడదు."

మర్నాడు పొద్దున్నకి ఆమె చేతులు అట్లతద్దినాటి కోడలి చేతులకంటే ఎర్రగా పండాయి. హైమనూ జానునూ గనిరాజు కొట్లోకి పంపి, కొడుకును కూడా అక్కడే నిలబడమంది. తను ముందుగదిలో బండికెదురుగా పీట వేసుకుని కూర్చుంది. కిటికీలోంచి వాళ్ళకు కనిపిస్తూనే ఉంది.

మొదట ఆమె వాళ్ళను చూసి నవ్వింది. తరవాత నవ్వు పోయింది. ఒడిలో పెట్టుకున్న ఎర్రటి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఆపుకోబోయింది. ఆగలేదు. పదకొండేళ్ళుగా నోట రాని భర్త పేరు పెట్టి ఏడుస్తూ పిలిచింది. అయినా పీట మీదినుంచి లేవలేదు. కొడుకు చూడాలని కూర్చుంది.

శేషగిరి పరుగెత్తాడు. అతను గుమ్మం దాటగానే ఆమె తేరుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "చాలా, ఇంకాసేపు కూర్చోనా?" అంది.

అతను స్పానరు తీసుకుని పెట్టె విప్పాడు. నట్టు రెండుసార్లు చేజారింది. హైమ వైపు చూడలేకపోయాడు. నూట నలభై మూడు, నూట నలభై మూడు అని గొణుగుతూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో బండిని గొలుసువేసి కిటికీ ఊచకే కడుతున్నారు. హైమ ముందుగదిలో కూర్చుని లేసు అల్లడానికి ఇంకో నెల పట్టింది. పెట్టె పోయినా గుమ్మం దగ్గర పాదం ఆగేది. వెంకాయమ్మ లోపలినుంచి ఎర్రటి చెయ్యి చాపేది. ఆ చేతుల్ని ఆమె గుడిలోనూ దాచలేదు, సంతలోనూ దాచలేదు.

శేషగిరి కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాడు. మూడోదానికి జవాబు వచ్చింది. తెలియజేసినందుకు కృతజ్ఞతలు, వాడకందారులకిచ్చే కాగితంలో ఒక వాక్యం చేర్చాం అన్నారు. కాగితం కూడా పంపారు. చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు, అడుగున పదిహేడో వరస. చేతులకు రంగులూ నూనెలూ లేనప్పుడు మాత్రమే నేర్పించవలెను.

మరుసటి ఏడాది మాఘం వచ్చింది. వీధి చివరి ఇంటికి కొత్త కోడలు శిరీష కాపురానికి వచ్చింది. పెళ్ళిలో పెట్టిన కొత్త బండి, సీటు కింద కంపెనీ పెట్టెతో సహా, ముందుగదిలో ఉంది. పదిహేనో రోజున హైమ కూరలకు వెళ్తూ, ఆ పిల్ల పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చి, సందు చుట్టూ తిరిగి వీధిలోకి రావడం చూసింది. మర్నాడు కూడా చూసింది. పుట్టింటి మీద బెంగ, అందుకే చిక్కిపోతోంది అని పంపు దగ్గర అనుకుంటున్నారు.

హైమ కూరల సంచీ అరుగు మీద పెట్టి ఆ ఇంటి ముందుగుమ్మం ఎక్కింది. గడప దాటగానే కడుపులోకి చల్లటి నీళ్ళు దిగాయి. బయట గడియ పడ్డ చప్పుడు. పారిపొమ్మని ఒళ్ళు కేకపెట్టింది. అయినా ఈసారి దాన్ని గుర్తుపట్టింది. గోడ పట్టుకుని నడిచి నడిమిగది దాటి, వంటింటి మూల నక్కి కూర్చున్న ఆ పిల్ల దగ్గరకు చేరింది.

"నాకేదో అవుతోందక్కా," అంది శిరీష గుసగుసగా. "మా అత్తయ్యగారితో అనకండి. పంపించేస్తారు."

"చెయ్యి చూపించు తల్లీ."

ఆ పిల్ల పిడికిలి విప్పింది. అరచెయ్యి వెలిసిపోయింది. గోళ్ళ మీద మాత్రం పెళ్ళినాటి ఎరుపు. హైమ ఆ చేతిని రెండు చేతుల్లోనూ పట్టుకుంది.

"నీకేం కాలేదమ్మా. నీ చేతులు వెలిశాయి, అంతే. రా, మీ అత్తగారిని నేను పిలుస్తాను."

పక్క వీధిలోంచి పెళ్ళి బాజాలు వినిపిస్తున్నాయి. ఆ వెనకాల, ఇంకో వీధిలో, మరో మేళం.